నాలుగు సెకన్లు

పలాసలో జీడిపిక్కలు కొట్టే చేతులకు
వేలిముద్రలుండవు.
పెంకులో ఊరే జీడి ముందు తోలు తింటుంది,
తర్వాత గీతలు.
రేషను మిషను దగ్గర కొంగుతో మూడుసార్లు తుడిచినా
"మళ్లీ ప్రయత్నించండి" అంటుంది.

అందుకని గొంతుతో తెరుచుకునే లెక్కల పుస్తకం చేశాం,
నేనూ, లోహిదాసూ,
కాశీబుగ్గలో గోనెసంచుల కొట్టు మీద
రేకుల గదిలో,
రెండు కంప్యూటర్లు, ఒక టేబుల్ ఫ్యాను.
"ఇయ్యాల ఆరు కేజీలు గుండు, రెండు బద్ద" అంటే చాలు,
కూలి ఎంతో పైసల్తో సహా చెప్పేది.
శనివారం మేస్త్రీ లెక్క తప్పితే
ఫోను ఎత్తి చూపేవారు.

మాటను అక్షరం చేసే యంత్రం మాత్రం మాది కాదు.
పెద్ద కంపెనీది. మొదటి ఏడు ఉచితం.
బంజరు కౌలుకిచ్చే బుగత
మొదటి ఏడు శిస్తు అడగడని
మా వైపు చిన్నపిల్లాడికీ తెలుసు.
మాకు గుర్తురాలేదు.

దానికి మా మాట రాదు.
"ఏటి" అంటే నది అనుకునేది.
"వొగ్గీ" అంటే దిక్కులు చూసేది.
సింహాచలాన్ని, దాలమ్మని, మందస నుంచి వచ్చే సుక్కమ్మని
ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి వినిపించాం.
తప్పు దిద్ది పంపాం, మళ్లీ దిద్ది పంపాం.
తుఫానుకు కరెంటు పోయిన పదకొండు రోజులూ
అద్దె జనరేటరు మీద దిద్దాం.
రాళ్లేరాం, గట్లేశాం,
పొలమైంది.

రెండో ఏడు సెకనుకింత అని రేటు.
మూడో ఏడు "ధరలు సరళం చేశాం" అని ఉత్తరం.
సరళమంటే పదకొండు రెట్లని
లోహిదాసు లెక్కగట్టి చెప్పి
లేచి ఫ్యాను ఆపేశాడు.

తర్వాత మా కొత్త కూర్పు వాళ్ల అంగట్లో పెట్టబోతే
నిబంధనకు విరుద్ధమన్నారు.
ఏ నిబంధన అని అడిగితే
"మీ సమస్యను ఎంచుకోండి" అని ఒక పట్టీ వచ్చింది.
ఉన్న అయిదింట్లో మాది లేదు.
"ఇతరములు" నొక్కాను.
ఇతరముల నుంచి ఇంతవరకు జవాబు లేదు.

దసరా వెళ్లిన వారానికి వాళ్లదే వచ్చింది,
కొత్త ఫోన్లలో ముందే కూర్చుని, ఉచితంగా.
కూలీల కోసం గొంతు పుస్తకమట.
తెరిచి "ఏటి" అన్నాను.
తడుముకోలేదు.
"ఏటండి, సెప్పండి" అంది.
ఒళ్లు ఝల్లుమంది.
అది సింహాచలం సాగదీత.
ఆ "సె" దగ్గర నాలుక ఎంత జారాలో
మేం నేర్పిందే.

ఏరు దాటి తెప్ప తగలేశారా అని
కొట్టు షావుకారు జాలిపడ్డాడు.
తగలెయ్యలేదండీ,
తెప్ప మీద వాళ్ల పేరు రాసుకున్నారు.

లోహిదాసు ఇప్పుడు బరంపురంలో
సీసీ కెమెరాలు బిగిస్తున్నాడు.
అడ్వాన్సు తీరేదాకా గది నాదే.

మొన్న మెట్ల దగ్గర సింహాచలం ఆపింది.
ఆమెకు కంపెనీల సంగతి తెలీదు,
మాదే పాడైందనుకుంటోంది.
"బాబూ, నీ దానికేటైంది?
నాను కేజీలు సెప్పేలోపే
నోరు మూసేస్తంది.
ఇదివరకు ఆగేది."

ఆగేది.
పిక్క కత్తి కింద ఉండగా,
చేతికి బూడిద రాసుకుంటుండగా,
దగ్గు వచ్చి పోతుండగా
ఆమె మాట మధ్య పడే ఖాళీని కొలిచి
నాలుగు సెకన్లు ఆగమని రాశాం.
ఒక్క వరుస కోడు.
సెకనుకింత బిల్లు పడే చోట
ఆ ఖాళీకి కూడా మేమే కట్టాం.
అన్నీ పట్టుకెళ్లినవాళ్లు
దాన్నొక్కదాన్నీ వదిలేశారు,
దండగనుకుని.

జేబులోంచి పెన్ను తీశాను.
కాగితం లేదు, అరచెయ్యి చాపాను.
"చెప్పమ్మా, ఎన్ని కేజీలు?"

ఆమె నోరు తెరిచింది. దగ్గు వచ్చింది.
నేను ఆగాను.